అల్బేనిస్‌ని వెనకేసుకొద్దామనుకున్నాను

ఇది రాయకపోతే తెల్లారేదాకా సలుపుతూనే ఉంటుంది. ఈమధ్య మా ఇంట్లో పొద్దస్తమానం మోగుతున్నది స్పెయిన్ స్వరకర్త అల్బేనిస్ రాసిన 'అస్టూరియస్' అనే ముక్క. ఇవాళ దాని వీడియో కింద మళ్ళీ అదే రాత: స్పెయిన్ ఉత్తరాన ఉన్న అస్టూరియస్ కొండల్ని తలుచుకుని అల్బేనిస్ గిటార్ కోసం రాశాడట. ఒక్క వాక్యంలో రెండు అబద్ధాలు.

ఇసాక్ అల్బేనిస్ పియానో మనిషి. గిటార్‌కి ఒక్క ముక్క కూడా రాయలేదు. ఈ ముక్క 1890ల మొదట్లో ఉత్త 'ప్రెలూడియో'గా, అంటే ఉపోద్ఘాతంగా, బార్సిలోనాలో అచ్చయింది. అస్టూరియస్ జానపదంలో వినిపించేది తిత్తివాయిద్యం, గైతా. ఇందులో ఉన్నదంతా దక్షిణాది, అండలూసియా వాళ్ళ గిటార్-పాట-ఆట సంప్రదాయం, ఫ్లమెంకో. 1909లో ఆయన పోయాక జర్మనీ ప్రచురణకర్త హాఫ్‌మైస్టర్ దీన్ని తీసుకెళ్ళి 'స్వీట్ ఎస్పాన్యోలా' అనే ముక్కల వరసలో కూర్చోబెట్టి 'అస్టూరియస్' అని పేరు తగిలించాడు. అయిదో ముక్క. అంతే, ఆ పేరే ఖాయమైపోయింది.

ఇంతవరకూ రాసి హాఫ్‌మైస్టర్‌ని నాలుగు తిడదామనుకున్నాను. కానీ ఆ వరసలో అతను నింపిన ఖాళీలు పెట్టిందెవరు? 1886 నాటి ఆ స్వీట్‌కి ఎనిమిది పేర్లు ప్రకటించి, గ్రనాడా, కాటలూన్యా, సెవియ్యా, కూబా అని నాలుగే ఇచ్చి మిగతావి గాలికొదిలేసింది అల్బేనిసే.

అసలు సొంత జీవితానికే ఇష్టమొచ్చిన పేర్లు పెట్టుకున్న మనిషి. పన్నెండేళ్ళకే ఇల్లొదిలి ఓడలో దొంగచాటుగా అమెరికా ఖండానికి పారిపోయానన్నాడు. నిజానికి వెళ్ళింది 1875లో, పదిహేనేళ్ళప్పుడు. కస్టమ్స్ ఉద్యోగి అయిన తండ్రికి హవానా బదిలీ అయితే ఆ చుట్టుపక్కల ప్వెర్టో రికోలో, క్యూబాలో కచేరీలు చేశాడు. ఆనాటి పియానో దిగ్గజం ఫ్రాంజ్ లిస్ట్ కథ ఇంకా గొప్పది. 1880 ఆగస్టులో బుడాపెస్ట్‌లో లిస్ట్‌ని కలిశాననీ, వాయించి వినిపించాననీ రాసుకున్నాడు. ఎక్కడ? తన డైరీలో! అప్పుడు లిస్ట్ బుడాపెస్ట్‌లోనే లేడు. ఎవరూ చూడని పుస్తకంలో కూడా కోతలు కోసినవాడి తరఫున నేను పేర్ల గురించి పోట్లాడటమేమిటి? బ్రస్సెల్స్ కన్సర్వేటరీలో 1879లో మొదటి బహుమతి నిజంగానే కొట్టాడు. అది చాలక ఈ లిస్ట్ ఎందుకో.

గిటార్ మీద కూడా ఇప్పుడు అంత కోపం లేదు. పియానోలో ఇది జి మైనర్ అనే శ్రుతిలో ఉంటుంది. కుడిచేతిలో డి స్వరం తంబూరాలా ఆగకుండా మోగుతుంటే, దాని సందుల్లో ఎడమచెయ్యి రాగం నడుపుతుంది. గిటార్ కోసం ఇ మైనర్‌కి మారిస్తే ఆ డి కాస్తా బి అవుతుంది. అది గిటార్‌కి రెండో తీగ, వేలు నొక్కే పనే లేదు, ఊరికే మీటితే చాలు. రాగం కింది తీగల మీద బొటనవేలితో వస్తుంది. ఆయన పియానో మీద గిటార్‌నే అనుకరించాడు కాబట్టి అది పుట్టింటికి చేరింది, అంతే.

కష్టమంతా పియానోవాళ్ళకే. నిలువు పియానోలో మీట దాదాపు పూర్తిగా పైకి లేస్తే గాని సుత్తి మళ్ళీ కొట్టదు, కచేరీల్లో వాడే గ్రాండ్ పియానోలో సగం లేచినా పలుకుతుంది. అందుకే ఇళ్ళల్లో వేగం పెంచగానే అక్కడక్కడా డి పలక్కుండా పోతుంది. వేళ్ళదే తప్పనుకుని ఇంకా గట్టిగా కొడతారు, మణికట్టు బిగుసుకుంటుంది, ఆ పైన పెద్ద కార్డ్‌ల (ఒకేసారి మోగే స్వరాల గుత్తుల) కోసం రెండు చేతులూ చెరోపక్కకీ దూకాల్సిన చోట అవి ఆలస్యంగా పడి తాళం కుంటుతుంది. మీట వదలకుండా వేలు దగ్గరగా ఉంచి, దూకుడు ఒక్కటే విడిగా, చప్పుడు చెయ్యకుండా, చోటు తాకి రావడం సాధన చెయ్యాలి. స్వరాన్ని సాగదీసే కాలిమీట, పెడల్, తక్కువ. పైన రాసి ఉన్నది 'అల్లెగ్రో మా నాన్ ట్రోప్పో', అంటే 'వేగంగా, కానీ మరీ ఎక్కువ కాదు', ఆ చివరి మూడు మాటలూ ఎవరికీ కనపడవు. మధ్యలో పాటలాంటి భాగం వస్తుంది, ఒకే రాగం రెండు చేతుల్లో రెండు ఆక్టేవ్‌ల (స్థాయిల) ఎడంతో. అక్కడ తాళం కొట్టే యంత్రం, మెట్రోనోమ్, ఆపెయ్యండి.

అసలు బాధ ఇదీ కాదేమో. ఈ ఒక్కటే తెలిసినవాళ్ళకి 'ఇబేరియా' అందట్లేదు. 1905 నుంచి 1908 దాకా, మూత్రపిండాల జబ్బుతో తీసుకుంటూ రాసిన పన్నెండు ముక్కలు, నాలుగు సంపుటాలు. రెండు చేతులూ ఒకే మీటల మీద ఎక్కి తొక్కుకుంటాయి, ఎవరి నోట్ ఎవరు తీసుకోవాలో పెన్సిల్‌తో గీసుకున్నాకే మొదలెట్టాలి. చిన్న చేతులున్న పియానో కళాకారిణి అలీసియా దె లరోచా దాన్ని ఒకటికంటే ఎక్కువసార్లు రికార్డు చేసింది, ఆవిడది వినండి. మొదట అందులోని 'ఎల్ ప్వెర్తో', నాలుగు నిమిషాల పని. ఆ తర్వాత 'ట్రియానా'. 'లవాపియెస్' జోలికి మాత్రం ఇప్పుడే పోకండి, అన్ని స్వరాలు ఒకేసారి మీద పడితే ఇక అల్బేనిస్ మొహం చూడరు.