విరిగిన శాంపిల్ కూడా రిపోర్టులో ఉండాలి

గుంటూరు దగ్గర ఒక సైటు నుంచి పోయిన వారం మా మట్టి పరీక్షల ల్యాబ్‌కి నల్లరేగడి మట్టి నింపిన ట్యూబులు వచ్చాయి. రెండున్నర మీటర్ల లోతువి. మైనం గీకేసి మట్టిని బయటికి తోస్తే, వేలితో నొక్కినా లొంగదు, బొటనవేలి గోరు మాత్రం దిగుతుంది. ఇంత బిగువైన మట్టిని చూస్తే నాకు భలే ముచ్చటేస్తుంది.

ఒక్కో ట్యూబు నుంచి 38 మిల్లీమీటర్ల వ్యాసం, 76 మిల్లీమీటర్ల ఎత్తుతో మూడు శాంపిళ్లు తీస్తాం. రెండు బాగానే వచ్చాయి. మూడోది తీగతో చెక్కుతుండగానే ఏటవాలుగా రెండు ముక్కలైంది. విడిపోయిన ముఖం తడిమితే నూనె రాసినంత నునుపు, లైటు కింద మెరుపు, సన్నటి గీతలు. స్లికెన్‌సైడ్ అంటారు దీన్ని. వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే రేగడిలో మట్టి మీద మట్టి జారి జారి అలా నున్నబడుతుంది.

"ఇది పోయిందమ్మా, పక్కన పడేసి ఇంకోటి తీస్తా" అన్నారు మా టెక్నీషియన్ బాబాయ్. నాకూ అలాగే నేర్పారు.

"వద్దు బాబాయ్, ఫోటో తీసి రాద్దాం."

మిగిలిన రెండింటినీ మెషీన్‌లో పెట్టి నొక్కాం. ఒకటి 236 కిలోపాస్కల్స్ దాకా ఆగింది. రెండోది 104 దగ్గరే, లోపల దాగున్న నునుపు ముఖం వెంట జారిపోయింది. షియర్ స్ట్రెంత్, అంటే మట్టి జారకుండా నిలిచే బలం, అందులో సగం కాబట్టి 118, 52. ట్యూబు ఒకటే, తేమ రెండింట్లోనూ 24 శాతమే. సగటు 85 అని రాసేయొచ్చు. కానీ ఆ 85లో విరిగిన మూడోదానికి చోటే లేదు. చెక్కుడుకు తట్టుకున్న మట్టినే కొలిచి, మొత్తం నేల బలం అదేనంటున్నాం. రేపు గొయ్యి తవ్వితే ఆ నునుపు ముఖాలన్నీ వాలులోనే ఉంటాయి కదా!

ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌వెల్‌లో అణు విద్యుత్ కేంద్రం కోసం లండన్ క్లే అనే బిగువైన బంకమట్టిలో తవ్విన గొయ్యి 1957లో ఇలాగే దెబ్బతీసింది. ల్యాబ్ లెక్క ప్రకారం నిలవాల్సిన వాలు, తవ్విన కొద్ది రోజులకే జారింది. 1965లో మట్టి ఇంజనీర్లు స్కెంప్టన్, లా రోషెల్ దాన్ని విశ్లేషించి, మట్టిలోని బీటలను ముఖ్య కారణాల్లో ఒకటిగా చూపారు.

నిన్న డిజైనర్ గారు ఫోన్ చేసి "ఒక్క నంబర్ ఇవ్వండి మేడమ్" అన్నారు. మూడు వరుసలూ పంపాను. మూడోదాని ఎదురుగా "చెక్కుతుండగా విరిగింది, నునుపు ముఖం" అని రాసి ఫోటో పెట్టాను. ఇంకో ట్యూబు తెరవకుండా ఉంచాం. దాన్ని కోయకుండా 100 మిల్లీమీటర్ల వ్యాసంతోనే ట్రయాక్సియల్‌లో, అంటే చుట్టూ నీటి ఒత్తిడి పెట్టి పైనుంచి నొక్కే పరీక్షలో, పెట్టనివ్వమని అడిగాను.