అమ్మ బీపీ మాత్రలు: నా అనుభవం

అమ్మకు డెబ్బై దాటాయి. పొద్దున్నే బీపీకి రెండు మాత్రలు వేసుకోవాలి. ఒకటి ఆమ్లోడిపిన్, రెండోది ఒంట్లో నీరు తీసే మాత్ర. వేసుకున్నావా అని అడిగితే "వేసుకున్నాననే అనుకుంటున్నాను" అనేది. ఆ మాట వింటేనే నాకు గుబులు. బీపీ పెరిగినా చాలామందికి ఏమీ తెలియదు. తెలిసేసరికి పక్షవాతమో గుండెపోటో వచ్చి ఉండవచ్చు.

ముందు ఫోనులో అలారం పెట్టాం. మోగగానే ఆపేసేది, చేతిలో పని కానిచ్చి వేసుకుందామనుకునేది, ఆ తర్వాత వేసుకుందో లేదో తనకే తెలిసేది కాదు. రోజూ చేసే పని కదా, నిన్న వేసుకున్నది కూడా ఇవాళ వేసుకున్నట్టే అనిపిస్తుంది. అనుమానం వచ్చి మళ్ళీ వేసుకుంటే ఇంకా ప్రమాదం. కాబట్టి తనకు కావలసింది గుర్తుచేసే మోత కాదు, కంటికి కనిపించే రుజువు.

వారానికి ఏడు గదులున్న మాత్రల డబ్బా తెచ్చాను. మూతలు సులువుగా తెరుచుకునేది చూసి మరీ ఎంచుకున్నాను, అమ్మ వేళ్ళకు కీళ్ళనొప్పులు. దాన్ని కళ్ళజోడు పక్కనే పెట్టాం. లేవగానే తను చెయ్యి చాచేది ఆ కళ్ళజోడు కోసమే. గది ఖాళీగా ఉంటే వేసుకున్నట్టు, ఇక వాదన లేదు. పిల్లలు వచ్చినప్పుడు మాత్రం డబ్బా అటక మీదకే, వాళ్ళకూ అంతే సులువుగా తెరుచుకుంటుంది మరి.

అసలు సంగతి బయటపెట్టింది ఆ డబ్బానే. కొన్ని రోజుల గదుల్లో ఆమ్లోడిపిన్ లేదు, నీరు తీసే మాత్ర మాత్రం అలాగే ఉంది. మెల్లగా అడిగితే చెప్పింది: "బయటికి వెళ్ళే రోజు అది వేసుకుంటే మాటిమాటికీ బాత్రూముకు వెళ్ళాలి. అక్కడ ఎవరిని అడగను?" మరచిపోయానని అన్నాళ్ళూ అన్నది ఈ మాట చెప్పలేకే. పెద్దవాళ్ళు మందు మానేస్తే జ్ఞాపకశక్తినే అనుమానిస్తాం గానీ, ముందు అడగవలసింది ఆ మందుతో ఏం ఇబ్బంది అని.

డాక్టరుకు చెబితే, అలాంటి రోజుల్లో ఇంటికి వచ్చాక సాయంత్రంలోపు వేసుకోమన్నారు. మరీ రాత్రయితే చీకట్లో లేచి నడుస్తూ పడిపోయే ప్రమాదం ఉందట. బీపీ మందులు పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెపోటు, పక్షవాతాల ముప్పులో తేడా లేదని బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా పాల్గొన్న పరిశోధన 2022లో తేల్చింది. అయినా ఎవరి మందు వేళ వాళ్ళ డాక్టరును అడిగే మార్చుకోవాలి. ఒక రోజు తప్పిందని మర్నాడు రెండు రోజులవీ కలిపి వేసుకోకూడదు. మెటోప్రోలాల్, క్లోనిడిన్ లాంటి బీపీ మందులైతే ఉన్నట్టుండి ఆపనే కూడదు.

ఇప్పుడు ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు బీపీ రాసుకున్న పుస్తకంతోపాటు మిగిలిన మాత్రలూ పట్టుకెళతాం. మానేసిన సంగతి తెలియకపోతే, బీపీ తగ్గలేదని డాక్టరు మోతాదు పెంచుతారు. ఆ పెంచినవన్నీ అమ్మ ఒకనాడు సక్రమంగా వేసుకుంటే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి.