సజీవ జపమాల: పూసకో పాప

"స్త్రీలలో ఆశీర్వదింపబడినవారు మీరే." ఈ మాట ఎలిజబెతమ్మది (లూకా 1:42). వయసు మళ్లాక గర్భం దాల్చిన పెద్దావిడ, తన గడప తొక్కిన చిన్న వయసు చుట్టం మరియమ్మను (యేసు తల్లిని) చూసి ఆనందం పట్టలేక గొంతెత్తి అన్న మాట. దానికి ముందున్న "వందనము" గబ్రియేలు దూతది (లూకా 1:28). అంటే కతోలికులు మరియమ్మకు చేసే మంగళవార్త జపంలో మొదటి సగం పలకరింపు, రెండో సగమే విన్నపం. జపమాల పూసల మీద 53 సార్లు వరసగా చెప్పేసరికి ఆ పలకరింపు కాస్తా పరుగైపోతుంది.

13వ లియో జగద్గురువులు (పోపు) 1883లో అక్టోబరు నెలను జపమాలకు కేటాయించారు. బాలికల పాఠశాలల్లో ఆ నెల జరిగే సజీవ జపమాలలో పిల్లలే పూసలుగా నిలబడతారు. మంగళవార్త జపంలో మొదటి సగం ఒక్క పాప గొంతులోనే వినిపిస్తుంది, రెండో సగం బడంతా అందుకుంటుంది. పలకరింపు మళ్లీ పలకరింపులా చెవిన పడుతుంది.

పూసలు 59, సిలువకు ఒకరు, వెరసి 60 మంది. ఎక్కువ బడుల్లో తప్పు జరిగేది వలయం దగ్గరే. అయిదు దశకాలు (పదేసి చిన్న పూసల వరసలు) కదా అని వలయంలో అయిదు పెద్ద పూసలు పెట్టేస్తారు. ఉండేవి నాలుగే. పెద్ద పూస మీద చెప్పేది పరలోక జపం, అంటే యేసు నేర్పిన ప్రార్థన. మొదటి దశకం పరలోక జపం సిలువ వేలాడే తోకలోని చివరి పెద్ద పూసది. తోకలో సిలువ తర్వాత ఒక పెద్ద పూస, మూడు చిన్నవి, మళ్లీ ఒక పెద్దది. వలయంలో 50 చిన్నవి, 4 పెద్దవి, రెండు కొసలు కలిసే చోట పతకం. అక్కడ పాప బదులు మరియమాత స్వరూపం ఉంచితే సరిపోతుంది.

మనిషికీ మనిషికీ మీటరు ఎడం అనుకుంటే వలయం చుట్టుకొలత 55 మీటర్లు. నేల మధ్యలో మేకు కొట్టి, ఎనిమిదిన్నర మీటర్ల పైచిలుకు తాడు కట్టి తిప్పుతూ సున్నంతో గీస్తే గుండ్రంగా వస్తుంది. కంటి అంచనాతో నిలబెడితే కోడిగుడ్డు ఆకారమే.

రెండో చిక్కు పదో పూస తర్వాత వచ్చే నిశ్శబ్దం. త్రిత్వ స్తోత్రం (తండ్రి, కుమార, పవిత్రాత్మల స్తుతి) గొలుసు మీద చెప్పేది, దానికి పూస లేదు. ఎవరికీ అప్పగించకపోతే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. దశకం మొదట దేవరహస్యాన్ని (ధ్యానించే యేసు, మరియమ్మల జీవిత ఘట్టాన్ని) చదివే అమ్మాయికే త్రిత్వ స్తోత్రమూ, దాని వెంటే చెప్పే చిన్న ఫాతిమా జపమూ అప్పగించాలి. పెద్ద పూసల పిల్లలకు వేరే రంగు పట్టీ కడితే దశకం ఎక్కడ ముగుస్తుందో దూరం నుంచే తెలుస్తుంది.

మంచి గొంతున్న పిల్లల్నే పూసలుగా ఏరడం సరికాదు. అది పాటల పోటీ కాదు. తరగతికి ఇంతమందని చీటీలు వేసి, చిన్న తరగతి పాప పక్కన పెద్ద తరగతి అక్కను నిలబెట్టాలి. పాప మధ్యలో మర్చిపోతే అక్క మెల్లగా అందిస్తుంది, టీచరు మైకు లాక్కోవాల్సిన పని ఉండదు. ఎలిజబెతమ్మ, మరియమ్మ కలిసి నిలబడ్డదీ ఇలాగే, ఒక పెద్ద, ఒక చిన్న. ఆ సందర్శనం సంతోష దేవరహస్యాల్లో రెండోది. ధ్యానం దాని మీదే అయితే సోమవారమో శనివారమో పెట్టుకోవడం మంచిది. మంగళ, శుక్రవారాలు దుఃఖ దేవరహస్యాలవి, బుధ, ఆదివారాలు మహిమవి, గురువారం 2002లో చేరిన వెలుగు దేవరహస్యాలది.

వేరే మతాల పిల్లలను పూసగా నిలబడమని బలవంతం చేయకూడదు, పక్కనా పెట్టేయకూడదు. ఎవరి కోసం ప్రార్థించాలో కాగితం మీద రాసి పతకం దగ్గరి బుట్టలో వేయమంటే చాలామంది ఇష్టంగా వస్తారు. ఆ కాగితాలను మాత్రం పైకి చదవకూడదు.

ఇక చేతులు. కొవ్వొత్తి, జపం కార్డు, మైకు, ఈ మూడింటినీ రెండు చేతులతో పట్టుకోవడం ఏ పాపకూ కుదరదు. కార్డు మానేయాలి. మైకులు రెండు తీసుకుని ఇద్దరు పెద్ద పిల్లలకు ఇచ్చి వలయం లోపల నడిపించాలి. ఒకరు ఈ పూస దగ్గరుంటే రెండో వారు వచ్చే పూస దగ్గర సిద్ధంగా ఉంటారు. మంగళవార్త జపానికి 20 సెకన్లు వేసుకుంటే 53కి దాదాపు 18 నిమిషాలు. ఒకే మైకు చేతులు మారితే పూసకు అయిదు సెకన్ల చొప్పున ఇంకో అయిదు నిమిషాలు పోతాయి, జపం లయ కూడా తెగుతుంది.

జడలు వెనక్కి కట్టాలి. కొవ్వొత్తిని కాగితం కప్పు అడుగున చేసిన కన్నంలోంచి తొడగాలి, మైనం కప్పులోనే ఆగుతుంది. పక్క పూసకు వెలుగు అందించేటప్పుడు వెలిగిన ఒత్తి నిటారుగానే ఉండాలి, వెలిగించుకునేదే వంగాలి. పిల్లలు సహజంగా దీనికి తలకిందులుగా చేస్తారు, మైనం పక్క పాప చేతి మీద కారుతుంది. రిహార్సల్లో ఈ ఒక్కటీ వెలిగించని ఒత్తులతో నాలుగైదు సార్లు చేయించాలి. ఆర్పేటప్పుడూ ఊదనివ్వకూడదు, కరిగిన మైనం ఎగిరి పడుతుంది. తడి ఇసుక బకెట్లు నాలుగు వైపులా పెట్టి, ఒక్కొక్కరే వచ్చి ఒత్తిని ఇసుకలో గుచ్చమనాలి.