నుమాయిష్ రంగులరాట్నం నేర్పిన త్వరణం

జనవరి వచ్చిందంటే మా తరగతి పిల్లలకు హైదరాబాద్ నాంపల్లిలో జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్ తప్ప వేరే ధ్యాస ఉండేది కాదు. సార్ సమ వృత్తాకార చలనం పాఠం మొదలుపెట్టింది సరిగ్గా ఆ రోజుల్లోనే. వడి మారకపోయినా త్వరణం, అంటే వేగం మారే రేటు, ఉంటుందని ఆయన అంటే ఎవరికీ మింగుడుపడలేదు. వేగానికి దిశ కూడా ఉంటుంది కదా, వృత్తంలో ఆ దిశ క్షణక్షణం మారుతుంది కదా అంటూ బోర్డు మీద బాణాలు గీశారు. ఆ మార్పు కేంద్రం వైపే ఉంటుందని చూపించి, త్వరణం ఎంతో తెలియాలంటే వడి వర్గాన్ని వ్యాసార్ధంతో భాగించమన్నారు.

ఆదివారం రంగులరాట్నం ఎక్కి గడియారం చూశాను. చుట్టుకు 10 సెకన్లు. బయటి వరుస గుర్రానికీ నడిమి స్తంభానికీ మధ్య 5 మీటర్లు ఉంటుందనుకున్నాను. చుట్టుకొలత 31.4 మీటర్లు, వడి సెకనుకు 3.14 మీటర్లు. త్వరణం 1.97 వచ్చింది. గురుత్వ త్వరణం 9.8లో అయిదో వంతు! ఒళ్లు బయటికి తూలినట్లు ఎందుకనిపించిందో అప్పుడు తెలిసింది.

మర్నాడు సార్‌కు చూపించి, "లోపలి వరుసకు వ్యాసార్ధం సగమే కాబట్టి త్వరణం రెట్టింపు కదండీ?" అన్నాను.

"లోపలి గుర్రం వడి ఎంత?" అని మాత్రం అడిగారు.

అదే 10 సెకన్లలో అది సగం దూరమే తిరుగుతుంది. వడి సగం, దాని వర్గం నాలుగో వంతు. సగం వ్యాసార్ధంతో భాగిస్తే త్వరణమూ సగమే. మలుపు తిరిగే బస్సు సంగతి వేరు. వడి తగ్గించకుండా ఇరుకు మలుపు తిరిగితే త్వరణం పెరుగుతుంది. రాట్నంలో స్థిరంగా ఉన్నది వడి కాదు, చుట్టుకు పట్టే కాలం. ఈ తేడాకు ఒక పీరియడ్ మొత్తం కేటాయించాలని నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను.

తర్వాత సార్ చంద్రుడి లెక్క ఇచ్చారు. దూరం 3,84,000 కిలోమీటర్లు, చుట్టుకు 27.3 రోజులు. త్వరణం 0.0027 వచ్చింది. నేల మీది గురుత్వ త్వరణం 9.8ని దానితో భాగించమన్నారు. దాదాపు 3,600. ఆయన పక్కనే 60 × 60 అని రాసి, చంద్రుడి దూరం భూమి వ్యాసార్ధానికి 60 రెట్లని, దూరం వర్గాన్ని బట్టి గురుత్వం తగ్గుతుందని చెప్పారు. న్యూటన్ పోల్చి చూసుకున్నది ఈ రెండు సంఖ్యలనే.