డెట్రాయిట్ ఓపిక ఎప్పటిదాకా చెల్లుతుంది?

డెట్రాయిట్ లయన్స్ జట్టును జనరల్ మేనేజర్ బ్రాడ్ హోమ్స్ మళ్లీ నిలబెట్టిన తీరు మీద మా ఇంట్లో మొదలైన వాదన ఏళ్లు గడిచినా తెగలేదు. తిరుపతిలో అమెరికన్ ఫుట్‌బాల్ కోసం గొంతు చించుకునే ఇల్లు మాదొక్కటే అయి ఉంటుందని మా ఆవిడ అంటుంది కానీ, మా బైరాగిపట్టెడలో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు తక్కువేమీ కాదు. ఆ పిల్లలతో పాటు వాళ్ల ఆటలూ ఇక్కడికి వచ్చేశాయి. మా అక్క కొడుకు మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఉంటాడు కాబట్టి లయన్స్ వాడి జట్టు. మా అబ్బాయి ఇక్కడే రాత్రి షిఫ్టులో పనిచేస్తూ, బావ పుణ్యమా అని ఆ పిచ్చి తగిలించుకున్నాడు. బావ హోమ్స్ పక్షం, వీడు ఎదుటి పక్షం.

ఆ ఆట ఆడే ఎన్‌ఎఫ్‌ఎల్ లీగులో మైదానంలో ఆట నడిపేది కోచ్ అయినా, ఎవరిని తీసుకోవాలి, ఎవరిని వదులుకోవాలి, ఎవరికెంత ఇవ్వాలి అన్నవి జనరల్ మేనేజర్ చేతిలో ఉంటాయి. జీతాల మొత్తానికి పరిమితి ఉంటుంది కనుక ఎంత డబ్బున్న యజమాని అయినా గొప్పవాళ్లందరినీ కొనేయలేడు. ఏటా రౌండ్ల వారీగా జరిగే డ్రాఫ్ట్‌లో, కాలేజీల నుంచి వచ్చే కుర్రాళ్లను ఎంచుకునే మొదటి అవకాశం అడుగున ఉన్న జట్టుకు దక్కుతుంది. పిక్‌లనబడే ఆ ఎంపిక వంతులను జట్లు ఇచ్చిపుచ్చుకోవచ్చు, రాబోయే సంవత్సరాలవి కూడా.

2008లో ఆడిన 16 ఆటలూ ఓడిన జట్టు డెట్రాయిట్. 2021 జనవరిలో హోమ్స్ వచ్చేనాటికి, ఆ జట్టు ప్లేఆఫ్‌లలో, అంటే సీజన్ చివరి నాకౌట్ పోటీల్లో, ఒక ఆట గెలిచి దాదాపు మూడు దశాబ్దాలు కావస్తోంది. వచ్చిన నెలలోనే అతను, 12 సీజన్లు ఆ జట్టును మోసిన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడి నడిపేవాడు) మాథ్యూ స్టాఫర్డ్‌ను లాస్ ఏంజెలెస్ రామ్స్‌కు ఇవ్వడానికి ఒప్పుకుని, బదులుగా వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్‌నూ, రెండు మొదటి రౌండు పిక్‌లనూ, ఒక మూడో రౌండు పిక్‌నూ తీసుకున్నాడు. చీటీలు కట్టే మన వాళ్లకు ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. తొందర ఉన్నవాడు లక్ష రూపాయల చీటీని మొదటి నెలల్లోనే డెబ్బై వేలకు పాడుకుని ఎత్తుకుంటాడు, ఆగగలిగినవాడు చివరిదాకా ఆగి నిండు మొత్తం తీసుకుంటాడు. రామ్స్ ముందే పాడుకుంది, డెట్రాయిట్ ఆగింది.

పాడుకున్నవాడు నష్టపోయాడా అంటే, ఆ సీజన్‌లోనే స్టాఫర్డ్ రామ్స్‌కు లీగు ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచిపెట్టాడు. డెట్రాయిట్ మూడు గెలిచి, పదమూడు ఓడి, ఒకటి సమం చేసుకుంది. మరుసటి సీజన్ కూడా ఒక గెలుపు, అయిదు ఓటములతో మొదలైనప్పుడు, యజమానురాలు షీలా హ్యాంప్ విలేకరుల ముందుకు వచ్చి హోమ్స్ మీదా, కోచ్ డాన్ క్యాంప్‌బెల్ మీదా తనకు నమ్మకం పోలేదని చెప్పుకోవలసి వచ్చింది. ఆ వారం మా అబ్బాయి ఫోన్‌లో, "ఏం బావా, ఇంకా ఎన్నేండ్లు ఓపిక పట్టాల?" అని ఎగతాళి చేస్తే అటువైపు నుంచి జవాబే లేదు. ఆ సీజన్ చివరికి తొమ్మిది గెలుపులు, ఎనిమిది ఓటములతో ముగిసింది. పైగా, కప్పు గెలిచిన రామ్స్ మరుసటి ఏడే అయిదు గెలుపులకు పడిపోవడంతో, వాళ్లు ఇచ్చేసిన పిక్ ఏకంగా ఆరోది అయి డెట్రాయిట్ ఒళ్లో పడింది. హోమ్స్ దాన్ని కూడా పన్నెండుకు జార్చి, బదులుగా మరిన్ని పిక్‌లు రాబట్టి, జామీర్ గిబ్స్‌ను తీసుకున్నాడు. బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌కు అంత విలువైన పిక్ పెడతారా అని ఆ రోజు చాలామంది నవ్వారు. పెనే సూవెల్, ఐడన్ హచిన్‌సన్, నాలుగో రౌండులో దొరికిన అమోన్-రా సెయింట్ బ్రౌన్ కూడా డ్రాఫ్ట్‌లలో కూడబెట్టినవాళ్లే.

ఫలితం సంక్రాంతి నాడు కనబడింది. 2024 జనవరి 15, మనకు ఉదయం ఆరున్నర. పొంగలి పొంగేలోపు తలస్నానం చేసి రమ్మని మా అమ్మ కేకలేస్తున్నా, మా అబ్బాయి గోడకు ఆనించిన చెరకు గడల మధ్య ఫోన్ నిలబెట్టుకుని కదల్లేదు. ప్లేఆఫ్ ఆట, డెట్రాయిట్‌లోనే, ఎదుట స్టాఫర్డ్ రామ్స్. వదిలేసిన మనిషికీ తెచ్చుకున్న మనిషికీ ముఖాముఖి పెట్టినట్టు, 24-23తో డెట్రాయిట్ గెలిచింది. స్టేడియమంతా గాఫ్ పేరు జపించింది. అరిసెలు తింటూనే మా అబ్బాయి ఓటమి ఒప్పుకున్నాడు.

అయితే అసలు తగవు ఆ తర్వాతే మొదలైందని నా అభిప్రాయం. 2024 సీజన్‌లో డెట్రాయిట్ 15 గెలిచి రెండే ఓడింది, కానీ అక్టోబరులో, ఎదుటి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లే డిఫెన్సివ్ ఎండ్ హచిన్‌సన్ కాలు విరిగింది. అతని చోట పేరున్న డిఫెన్సివ్ ఎండ్ కోసం మొదటి రౌండు పిక్‌లు ధారపోయాలని అభిమానుల్లో సగం మంది పట్టుబట్టగా, హోమ్స్ చివరి రౌండ్ల పిక్‌లతో సరిపెట్టి జడేరియస్ స్మిత్‌ను తెచ్చుకున్నాడు. 2025 జనవరిలో ప్లేఆఫ్‌లలో వాషింగ్టన్ చేతిలో 45-31తో ఇంటిదారి పట్టారు. దాడినీ రక్షణనూ చూసుకునే ఇద్దరు కోఆర్డినేటర్లు, బెన్ జాన్సన్ షికాగోకూ, ఆరన్ గ్లెన్ న్యూయార్క్ జెట్స్‌కూ, ప్రధాన కోచ్‌లుగా వెళ్లిపోయారు.

అడుగున ఉన్నప్పటి ఓపిక వేరు, పైకొచ్చాక ఓపిక వేరు. 2021లో పిక్‌లు కూడబెట్టడానికి డెట్రాయిట్ వదులుకున్నది పెద్దగా ఏమీ లేదు, ఎలాగూ గెలిచే జట్టు కాదు. 2024లో అదే పని చేయడానికి ఒక టైటిల్ అవకాశాన్ని పణంగా పెట్టాలి. కుర్రాళ్ల మొదటి నాలుగేళ్ల ఒప్పందాలు చవకగా ఉన్నంతకాలమే జీతాల పరిమితిలో చోటుంటుంది, సూవెల్‌కూ సెయింట్ బ్రౌన్‌కూ పెద్ద ఒప్పందాలు అప్పటికే రాసిచ్చారు. హోమ్స్ మొదటి నిర్ణయం ఫలించింది కాబట్టి రెండోదీ సరైనదే అనే మా అక్క కొడుకు తర్కం నాకు రుచించదు; ఇంట్లో పెళ్లి పెట్టుకుని కూడా చీటీ పాడనంటే ఎట్లా?

వాడు మాత్రం తగ్గడు. వాషింగ్టన్‌తో ఆడినరోజు డెట్రాయిట్ అయిదుసార్లు బంతి పోగొట్టుకుంది కదా మామా, అది ఏ డిఫెన్సివ్ ఎండ్ ఆపేవాడని అడిగాడు. అందుకు మా అబ్బాయి, "మరి 45 ఎవరు ఇచ్చినారు బావా?" అన్నాడు.