పొగమంచులో శ్రీశైలం దారి

సంక్రాంతి సెలవులకు మొన్న అమ్మను తీసుకుని కర్నూలు నుంచి శ్రీశైలం వెళ్లొచ్చాం. దాదాపు 180 కిలోమీటర్లు. తెల్లారుజామున 4 గంటలకే బయలుదేరదామన్నాడు తమ్ముడు. నేను ఒప్పుకోలేదు.

పోయినేడు అలాగే చీకట్లో వెళ్లి, నందికొట్కూరు దాటాక పొగమంచులో చిక్కుకున్నాం. హై బీమ్ వేస్తే వెలుగంతా మంచుకు తగిలి మన కళ్లలోకే వస్తుంది, ముందు తెల్లగోడే. వెనక లైటు లేని ట్రాక్టరు పది అడుగుల దూరంలో కనిపించింది. ఆ బ్రేకు చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

పైగా ఆత్మకూరు దాటితే నల్లమల. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు. తొందరగా వెళ్లినా బైర్లూటి చెక్‌పోస్టు దగ్గర ఆగాల్సిందే.

"తొందరేముంది నాయనా, మల్లన్న ఎక్కడికి పోతాడు?" అంది అమ్మ. దాంతో తమ్ముడు తగ్గాడు.

ఏడున్నరకు బయలుదేరాం. ఆత్మకూరులో టీ తాగేసరికి మంచు విడిపోయింది. దోర్నాల దాటాక ఘాట్ మలుపుల్లో లో గేర్‌లో, ప్రతి మలుపుకూ హారన్ కొడుతూ మెల్లగా వెళ్లాం. ఏ టెన్షనూ లేదు. వెనక సీట్లో అమ్మ దారంతా హాయిగా నిద్రపోయింది.