బొరుగు గుండెల్లో పిల్లికూతలు

మా అమ్మకు ఇరవై ఏళ్లుగా ఉబ్బసం. రాత్రిపూట ఆమె దగ్గితే అది ఊరికే వచ్చిన దగ్గా, లేచి ఇన్‌హేలర్ అందించాల్సిన దగ్గా అని నాకు నిద్రలోనే తెలిసిపోతుంది. 2021 దీపావళి అయిన వారానికి అలాగే ఓ అర్ధరాత్రి దగ్గు వినిపిస్తే లేచి అమ్మ మంచం దగ్గరికి పోయాను. అమ్మ మేలుకునే ఉంది. "నేను కాదు పాపా, బొరుగు" అంది.

బొరుగు మా పిల్లి. అనంతపురం పాతూరులో మా మిద్దె మెట్ల కింద 2017లో దొరికింది. తెల్లగా ఉంది, అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియలేదు. అమ్మ చూడగానే ఆ పేరు పెట్టేసింది.

ఆ రాత్రి అది వంటింటి గడప దగ్గర నాలుగు కాళ్లూ పొట్ట కిందికి లాక్కుని, మోచేతులు బయటికి తోసి, మెడ ముందుకు చాచి, గడ్డం దాదాపు బండకు ఆనించి దగ్గుతోంది. వాంతి చేసుకుంటుందేమో అని పాత పేపరు తెచ్చి పరిచాను. ఏమీ రాలేదు. అర నిమిషం తర్వాత గుటక వేసి, మూతి నాక్కుని, ఏమీ జరగనట్టు పోయి పడుకుంది.

పిల్లులు ఒళ్లు నాక్కుంటాయి కదా, కడుపులో వెంట్రుకలు ఉండ కట్టి ఉంటాయి అనుకున్నాను. అందరూ అదే చెప్పారు. కానీ వెంట్రుకల ఉండ అయితే ఒకసారి కాకపోతే ఇంకోసారైనా బయటికి రావాలి. మాకు మూడు నెలల్లో ఒక్కసారి కూడా రాలేదు. నేను దాన్ని పట్టించుకోలేదు, ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఊళ్లో మొదట చూపించిన చోట జలుబు అన్నారు. వారానికి యాంటీబయాటిక్ ఇచ్చారు, తగ్గకపోతే ఇంకో వారానికి రాశారు. ఎదురింటి వదిన పిల్లలకు తాగించే జ్వరం సిరప్ రెండు చుక్కలు పోయమంది. మంచి మనసుతోనే చెప్పింది. పోయకపోవడం మా అదృష్టం. అందులో ఉండే పారాసెటమాల్ పిల్లులకు విషమని, కొంచెం పడినా ప్రాణం పోతుందని తర్వాత తెలిసి నా చేతులు వణికాయి. ఇంట్లో పిల్లి ఉన్నవాళ్లు మిగతాదంతా మర్చిపోయినా ఈ ఒక్కటి మర్చిపోవద్దు.

జబ్బును కనిపెట్టింది అమ్మే. మధ్యాహ్నం బొరుగు ఒళ్లో పడుకుని ఉంటే వంగి దాని పక్కటెముకల మీద చెవి పెట్టింది. చాలాసేపు అలాగే ఉంది. "పాపా, దీని గుండెల్లో పిల్లికూతలు పెడుతుండాయి" అంది. ఆయాసం వచ్చినప్పుడు రొమ్ములో సన్నగా ఈల వేసినట్టు వచ్చే చప్పుడుకు మనవాళ్లు పెట్టిన పేరు అది. ఇరవై ఏళ్లుగా తన రొమ్ములో విన్న చప్పుడే అది కాబట్టి ఆమెకు ఇట్టే తెలిసిపోయింది.

అయినా ఆలస్యం చేశాం. 2022 ఆషాఢం వచ్చింది. మా వైపు ఆ నెల గాలి ఎట్లా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. వాన పడదు, దుమ్ము మాత్రం తలుపు సందుల్లోంచి కూడా దూరి వస్తుంది, పొద్దున ఊడ్చిన బండల మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. ఒకరోజు రాత్రి కరెంటు పోయింది, దోమల కోసం కాయిల్ వెలిగించాం. రెండు గంటలప్పుడు బొరుగు నోరు తెరుచుకుని కూర్చుంది. కుక్కలు అలా ఒగర్చడం మామూలే, పిల్లి నోటితో ఊపిరి తీస్తోందంటే ప్రమాదం. సెల్‌ఫోన్ లైటులో చూస్తే చిగుళ్లు బూడిద రంగులో ఉన్నాయి. దాని పొట్ట లోపలికీ బయటికీ కొట్టుకుంటోంది. కిటికీ దగ్గర కూర్చుని, ఎత్తుకోకుండా, కదిలించకుండా తెల్లవారేదాకా గడిపాం. పొద్దున ఐదింటికి తెలిసిన పశువైద్యుడు ఒకాయన ఫోన్ ఎత్తి, ఇంటికే వచ్చి ఇంజెక్షన్ వేశారు. "ఇది ఉబ్బసంలాగే ఉందమ్మా. ఎక్స్‌రే తీయించకుండా మందులు మొదలుపెట్టకూడదు, బెంగళూరు పోండి" అన్నారు.

బెంగళూరు మాకు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఎండెక్కకముందే బయల్దేరాం. బుట్ట మీద అమ్మ పాత చీర కప్పాను. చీకటిగా, తెలిసిన వాసనతో ఉంటే పిల్లికి భయం తగ్గుతుంది. భయం తగ్గితే ఆయాసమూ తగ్గుతుంది.

అక్కడి డాక్టరమ్మ ఎక్స్‌రేను తెర మీద పెట్టి ఒక్కొక్కటీ చూపించింది. లోపల వాచి మందమైన గాలిగొట్టాలు అడ్డంగా కోసినట్టు కనపడిన చోట చిన్న చిన్న గుండ్రాలు. డాక్టర్లు వాటిని డోనట్స్ అంటారట, నాకు మాత్రం చిల్లు పెట్టిన గారెల్లా ఉన్నాయి. పొడుగ్గా కనపడిన చోట రైలు పట్టాల్లా జంట గీతలు. లోపలికి పోయిన గాలి బయటికి రాలేక ఊపిరితిత్తులు ఉబ్బిపోయి, వాటి కింద ఉండే డయాఫ్రం అనే కండరపు పొరను చదును చేసేశాయి. ఉబ్బసం ఉన్నా కొన్ని పిల్లుల ఎక్స్‌రే మామూలుగానే ఉంటుందని కూడా చెప్పింది. అందుకే అది ఒక్కటే చూసి తేల్చలేదు. రక్తపరీక్షలో అలర్జీకి పెరిగే ఇసినోఫిల్స్ అనే కణాలు ఎక్కువ వచ్చాయి. ఊపిరితిత్తుల్లో చేరే పురుగులు కూడా ఇలాంటి దగ్గే తెప్పిస్తాయి. నత్తలు తిన్న బల్లులను, పిట్టలను పిల్లి తింటే అవి దీనికి అంటుకుంటాయి. బల్లి కనపడితే బొరుగు వదలదు, అందుకని మలం పరీక్ష చేసి, పురుగుల మందు కూడా రాసింది. చివరగా గుండె స్కాన్. దగ్గుకు గుండె స్కాన్ ఏంటికి అని అడిగాను. లోపల గుండెజబ్బు దాగి ఉంటే స్టెరాయిడ్ ఇచ్చాక అది ముదరొచ్చట. ఆ జవాబు విన్నాక ఆమె మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది. అన్నీ కలిపి 9,000 పైన అయింది. నా జీతానికి అది చిన్న మొత్తం కాదు.

"ఇది పోయే జబ్బు కాదమ్మా, అదుపులో పెట్టుకునే జబ్బు" అంది. పక్కన అమ్మ తల ఊపింది. ఆ మాట ఆమెకు కొత్త కాదు.

మందులు మా బొరుగు బరువుకు, దాని పరిస్థితికి రాసినవి, ఇంకో పిల్లికి ఇవే కొలతలు పనికిరావు. మొదట ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర రోజూ, తర్వాత మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఉన్నట్టుండి ఆపకూడదు. మాత్రలతో ఏళ్లు గడిపితే ఒళ్లు పెరుగుతుంది, షుగరు వచ్చే అవకాశం ఉంటుంది. అందుకని దాంతోపాటే ఫ్లుటికాసోన్ ఇన్‌హేలర్, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఇది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి మిగతా ఒంటికి అంత భారం ఉండదు. కానీ పూర్తిగా పని చేయడానికి రెండు వారాలదాకా పడుతుంది, అందాకా మాత్రలే ఆదుకోవాలి. మూడోది సాల్బ్యుటమాల్, ఆయాసం ముంచుకొచ్చినప్పుడు మాత్రమే. అది గొట్టాలను తెరుస్తుంది గానీ లోపలి వాపును తగ్గించదు, రోజూ కొడుతూ పోతే మేలు కంటే కీడే ఎక్కువ.

అమ్మ మందులు కొనే షాపులోనే ఇవి కూడా దొరికాయి. పసిపిల్లలకు వాడే స్పేసర్, అంటే ఇన్‌హేలర్ తగిలించే గొట్టం, దాని చివర అన్నిటికంటే చిన్న మాస్కు. "ఎవరికక్కా, పాపకా, బాబుకా?" అన్నాడు షాపు అబ్బాయి. పిల్లికి అంటే నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. మూడు సైజుల మాస్కులు తెచ్చి కౌంటరు మీద పెట్టి, "ముక్కూ నోరూ రెండూ మూసేది చూసుకోండక్కా, గాలి పక్కకు పోకూడదు" అన్నాడు.

అసలు కష్టం అక్కడే మొదలైంది. పిల్లి మొహానికి మాస్కు పెట్టడం బలవంతంగా అయ్యే పని కాదు. మొదటిరోజు నేను తువ్వాలు చుట్టి పట్టుకుని పెట్టబోయాను. మణికట్టు మీద మూడు గీతలు పడ్డాయి, బొరుగు బీరువా మీదికెక్కి సాయంత్రం దాకా దిగలేదు. పైగా ఆ గింజులాటలో ఆయాసం ఎక్కువైంది. అమ్మ నా చేతిలోంచి మాస్కు లాక్కుని, "గమ్మునుండు, నేను చూస్తా" అంది.

ఆమె ఇన్‌హేలర్ జోలికే పోలేదు. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ పీచులు తీసి, మాస్కును గిన్నెలా పట్టుకుని అందులోంచి తినిపించింది. మూడు రోజులు అదే. తర్వాత మాస్కు అంచు మూతికి ఒక్క క్షణం తాకించి వెంటనే ఒక పీచు. తర్వాత రెండు క్షణాలు. తర్వాత స్పేసర్ తగిలించి, మందు లేకుండానే. ఇన్‌హేలర్ నొక్కితే వచ్చే బుస్సుమనే చప్పుడుకు బొరుగు ఎగిరి పడేది. దానికీ అమ్మే ఉపాయం చూసింది. పక్కకు తిప్పి స్పేసర్‌లోకి ముందే నొక్కేసి, చప్పుడు అయిపోయాక వెంటనే మాస్కు మొహానికి పెట్టేది. పన్నెండో రోజుకు బొరుగు కూర్చున్న చోటే ఉండి పది ఊపిర్లు తీసింది. డాక్టరమ్మకు వీడియో పంపితే, స్పేసర్‌లో రేకు ఊపిరి ఊపిరికీ కదులుతోందో లేదో చూసుకోమంది. అది కదిలితేనే మందు లోపలికి పోతున్నట్టు. ఆ తర్వాత తడిగుడ్డతో మొహం తుడవాలి. స్పేసర్‌ను వారానికోసారి సబ్బునీళ్లలో ముంచి, గుడ్డతో తుడవకుండా గాలికే ఆరబెట్టాలి.

పొగ సంగతి చెప్పాలి. అమ్మ పెళ్లయిన నాటినుంచి ప్రతి శుక్రవారం సాంబ్రాణి వేస్తుంది, రోజూ రెండుపూటలా అగరొత్తులు. తన ఉబ్బసానికి మానమని డాక్టర్లు ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. నేనూ చెప్పి చెప్పి ఊరుకున్నాను. బెంగళూరు నుంచి వచ్చిన శుక్రవారం ఆమె నూనె దీపం ఒక్కటే పెట్టి, మల్లెపూలు వేసి దండం పెట్టుకుంది. ఏమీ మాట్లాడలేదు, నేనూ అడగలేదు. కాయిల్ తీసేసి కిటికీలకు దోమల జాలి కొట్టించాం. ఫినాయిల్ మానేశాం. పొడిచీపురు బదులు తడిగుడ్డ. ఎండుమిర్చి తాలింపు వేసేటప్పుడు బొరుగును గదిలో పెట్టి తలుపు వేస్తాం. దాని పెట్టెలో పోసే ఇసుక కూడా ఒక కారణమే. తవ్వినప్పుడల్లా సన్నటి దుమ్ము లేచి నేరుగా ముక్కులోకే పోయేది. ఇప్పుడు నీళ్లు పోసి కడిగి, ఆరబెట్టిన ముతక ఇసుకే పోస్తున్నాం. శెనక్కాయలు ఒలిచే పని మిద్దె మీదికి మార్చాం.

ఐదు నెలలు దగ్గే లేదు. డిసెంబరు చివర్లో ఇన్‌హేలర్ అయిపోయింది. ఒక దాంట్లో 120 మోతాదులు, రోజుకు రెండు చొప్పున సరిగ్గా రెండు నెలలు వస్తుంది. బాగానే ఉంది కదా, కొన్నాళ్లు చూద్దాం అని నేను కొనలేదు. అమ్మకు చెప్పకుండా చేసిన పని. పదిహేను రోజులు ఏమీ కాలేదు. భోగి తెల్లవారుజామున వీధిలో మంటలు వేశారు, పొగ లోపలికి వచ్చింది, బొరుగు మళ్లీ గడప దగ్గర మెడ చాచి కూర్చుంది. సాల్బ్యుటమాల్ ఒకసారి కొట్టాం. ఆయాసం సగం తగ్గింది. డాక్టరమ్మకు ఫోన్ చేసి, ఆమె చెప్పినట్టు ఇంకోసారి కొట్టాక బొరుగు నోరు మూసుకుంది. అప్పటికీ తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపొమ్మంది. అమ్మ నన్ను తిట్టలేదు. "దగ్గు లేదని మందు మానేస్తామా? మందు వల్లే దగ్గు లేదు" అని మాత్రం అంది. తను ఎన్నిసార్లు అలా మానేసి ఆసుపత్రిలో పడిందో మా ఇద్దరికీ తెలుసు.

ఇప్పుడు మా ఇంట్లో గోడ కేలండర్ మీద పాలవాడి లెక్క పక్కన బొరుగు ఊపిరి లెక్క ఉంటుంది. అది గాఢనిద్రలో ఉన్నప్పుడు పొట్ట లేచి దిగితే ఒకటి. హాయిగా గుర్రుగుర్రుమంటున్నప్పుడు లెక్కించకూడదు. నిమిషానికి 15 నుంచి 30 లోపు ఉంటే మామూలు. వరుసగా 30 దాటుతుంటే దగ్గు లేకపోయినా ఫోన్ చేస్తాం. 2023 ఆషాఢంలో ఒకసారి 34, మరునాడు 36 వచ్చింది. దగ్గు మొదలుకాకముందే డాక్టరమ్మ మందు మార్చి రాసిచ్చింది. నోటితో ఒగర్చే పరిస్థితి మళ్లీ రాలేదు.

పొద్దున ఆరింటికి ఇద్దరూ కడప బండ మీద కిటికీ పక్కన కూర్చుంటారు. ముందు అమ్మ తన ఇన్‌హేలర్ తీసుకుని నోరు పుక్కిలిస్తుంది. తర్వాత బొరుగుకు మాస్కు పెట్టి, రేకు కదలడం చూస్తూ లెక్కపెడుతుంది. ఆమె పుట్టింట్లో కళ్లంలో గింజలు కొలిచేవాళ్లు, ఒకటి అనడం ఆమెకు అలవాటు లేదు. "లాభం... రెండు... మూడు..." అంటూ మొదలుపెడుతుంది. పది దాకా వచ్చేసరికి బొరుగు చికెన్ గిన్నె వైపు చూస్తూ ఉంటుంది. ఈ రోజు కేలండర్ మీద 24.